పాత కంప్యూటరు ఎవరి ఇంటికి వెళ్తోంది?



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలోని ఒక పెద్దాయన నన్ను ఆపి, "సిస్టరు గారూ, మా అబ్బాయి చదువుకునేటప్పుడు కొన్న కంప్యూటరు అటక మీద పడి ఉంది. పాత సామాన్ల అతను మూడొందలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా?" అని అడిగారు. బీపీ గురించో షుగరు గురించో అడుగుతారనుకున్నాను. కంప్యూటరు గురించి నర్సును అడగడమేమిటని ఆయన భార్య నవ్వారు. కాని ఆయన సరైన మనిషినే అడిగారు. ఈ విషయంలో మా ఆసుపత్రి ఒక తప్పు చేసింది, ఆ తప్పులో నాకూ భాగముంది. అందుకే ఈ సంచికలో దీని గురించి వివరంగా రాస్తున్నాను.

మేము చేసిన పొరపాటు

అది 2009వ సంవత్సరం. నేను అప్పుడు పిల్లల వార్డు ఇన్‌ఛార్జిని. ఆఫీసులోను, బిల్లింగు కౌంటరులోను వాడిన ఎనిమిది పాత కంప్యూటర్లు స్టోరు గదిలో మూలనపడి ఉండేవి. వెనక పెద్ద మూపురంలాగా ఉండే పాతకాలపు మానిటర్లు అవి. చెదలు పడుతున్నాయని, చోటు ఖాళీ చేయాలని కమిటీలో అనుకున్నాం. పాత ఇనుప సామాన్లు కొనే అతనిని పిలిచి తూకానికి అమ్మేశాం. ఆ సామాను లెక్క రాసి సంతకం పెట్టిన వారిలో నేనూ ఉన్నాను. గది శుభ్రమైందని అందరం సంతోషించాం.

కొన్ని నెలల తరువాత ఒక తల్లి మూడేళ్ళ పాపను ఓ.పి.కి తీసుకువచ్చింది. పాపకు తరచు కడుపునొప్పి, మలబద్ధకం, అన్నం సయించదు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నులిపురుగుల మందు వేశాం, ఐరన్ టానిక్కు ఇచ్చాం. తగ్గలేదు. మళ్ళీ వచ్చినప్పుడు వార్డులో చేర్చుకుని, మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడిగాను. ఇంట్లో ఏం పని చేస్తారమ్మా అంటే, "పాత సామాన్ల పనేనమ్మా. మీ ఆసుపత్రిలో కొన్న కంప్యూటర్లు ఇంకా అవ్వలేదు. మా ఆయన పగలగొడతన్నాడు, నేను పలకలు పొయ్యి మీద కాలుత్తన్నాను" అన్నది.

పలకలు అంటే కంప్యూటరు లోపల ఉండే ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డులు. వాటిని పెనం మీద వేడిచేస్తే టంకం కరిగి చిన్న చిన్న భాగాలు ఊడి వస్తాయి. ఆ భాగాలకు వేరే ధర ఉంది. వైర్లను తగలబెడితే ప్లాస్టిక్ పోయి రాగి మిగులుతుంది. ఆ పనంతా వంట చేసే పెరట్లోనే. పాప అక్కడే ఆడుకుంటుంది, అక్కడే తింటుంది.

డాక్టరు గారికి అనుమానం వచ్చి పాప రక్తం పెద్ద ఆసుపత్రికి పంపించారు. రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉన్నదని రిపోర్టు వచ్చింది. సీసం అంటే ఇంగ్లీషులో లెడ్ అంటాం, ఆ లోహం. మేము గేటు దాటించి పంపామనుకున్న సామాను మా వార్డుకే తిరిగి వచ్చిందని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ పెట్టెలో ఏముంది?

కంప్యూటరు బల్లమీద ఉండి పనిచేస్తున్నంత కాలం దానివల్ల ఈ భయాలేమీ లేవు. పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, యాసిడ్‌లో వేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. ఏ భాగంలో ఏముందో తెలుసుకుందాం.

పాతకాలపు మానిటరు, పాత టీవీ: వీటి పిక్చర్ ట్యూబు గాజులో సీసం కలిపి ఉంటుంది. చూసేవారికి కిరణాలు తగలకుండా అలా చేసేవారు. ఒక పెద్ద మానిటరులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. గాజు పగిలితే ఆ పొడి మట్టిలో కలుస్తుంది. ట్యూబు లోపలి పూతలోని రసాయనాలు కూడా మంచివి కావు.

సర్క్యూట్ బోర్డు: పాత బోర్డుల టంకం సీసం, తగరం కలిపి చేసినది. వేడిచేస్తే సీసం పొగగా, ధూళిగా లేస్తుంది. బోర్డు మంట అంటుకోకుండా కలిపిన రసాయనాలు కాలినప్పుడు విషవాయువులవుతాయి.

పలుచని పాత ఎల్‌సీడీ మానిటర్లు: ఎల్‌ఈడీలు రాకముందు వీటి వెనుక సన్నని ట్యూబులైట్లు ఉండేవి. వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. మన ఆసుపత్రులలో పాదరసం థర్మామీటర్లను, పాదరసం బీపీ మిషన్లను ఎందుకు పక్కన పెట్టామో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే పాదరసం ఇక్కడా ఉంది.

వైర్లు: వీటిపై ఉండే ప్లాస్టిక్‌ను తగలబెడితే గొంతు, ఊపిరితిత్తులు మండించే పొగ వస్తుంది. ఆ పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా ఉంటాయి. ఇవి మట్టిలో చేరి, గడ్డి మేసిన పశువుల పాలలోకి, మేత ఏరుకుని తిన్న కోళ్ళ గుడ్లలోకి వస్తాయి.

ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. చైనాలో గ్వియు అనే పట్టణం చాలా ఏళ్ళపాటు ప్రపంచంలోని పాత కంప్యూటర్లను ఇళ్ళలోనే విప్పి బతికింది. అక్కడి పిల్లల రక్తాన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వారి రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు 15.3 మైక్రోగ్రాములు ఉంది. ఈ పని అంతగా జరగని పక్క పట్టణంలో 9.94 ఉంది. 5 మైక్రోగ్రాములకు చేరితేనే అది ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఈ పనికి పేరుపడ్డ చోట్లు. పేరు లేని చిన్న పెరడులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

పిల్లలకు, గర్భిణులకు ఎందుకు ఎక్కువ హాని?

సీసం మనిషి శరీరంలో ఏ పనికీ అవసరం లేదు. ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు కూడా ఏదీ లేదు. ఐరన్, కాల్షియం అయితే ఒంటికి కావాలి. సీసం వాటి దారిలోనే దొంగలాగా లోపలికి వస్తుంది. అందువల్ల సరిగా తిండి లేక, రక్తం తక్కువగా ఉన్న పిల్లలలో సీసం ఇంకా ఎక్కువగా చేరుతుంది. బీదవారి ఇంటి పిల్లలకు ఇది రెండు విధాల దెబ్బ.

పెద్దవారు ఎంత సీసం మింగారో అంతే పసిపిల్ల మింగితే, పిల్ల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువగా ఇంకుతుంది. పిల్లలు నేలమీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. వారి మెదడు అప్పుడే పెరుగుతూ ఉంటుంది. సీసం చేరితే తెలివితేటలు, జ్ఞాపకశక్తి, ఒక పని మీద మనసు నిలపడం దెబ్బతింటాయి. రక్తహీనత వస్తుంది. చాలామంది పిల్లలకు పైకి ఏ లక్షణమూ కనిపించదు. పాఠం రావడం లేదని బడిలో దెబ్బలు మాత్రం తింటారు.

ఒంట్లో చేరిన సీసం ఎముకలలో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు బిడ్డ కోసం ఎముకల నుండి కాల్షియం కదులుతుంది. దానితోపాటు సీసమూ రక్తంలోకి వచ్చి, మావి దాటి బిడ్డను చేరుతుంది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని పలకలు విప్పిన అమ్మాయి, ఇరవై ఏళ్ళ తరువాత ఆ సీసాన్ని తన బిడ్డకు ఇవ్వవచ్చు.

మా వార్డులోని పాప సంగతికి వస్తే, ఆమెను ఆ పెరట్లో నుండి దూరంగా అమ్మమ్మ ఇంటికి పంపించాం. ఐరన్, కాల్షియం, మంచి తిండి ఇచ్చి, పెద్ద ఆసుపత్రిలో చూపించాం. కడుపునొప్పి తగ్గింది, ముఖంలో రక్తం కనిపించింది. అయితే మెదడుకు జరిగిన నష్టాన్ని మందుతో తిరిగి తీసుకురాలేమని డాక్టరు గారు ఆ తల్లికి చెప్పారు. పక్కన నేనూ ఉన్నాను. ఆ పాప ఇప్పుడు పెద్దదైంది. పదో తరగతి గట్టెక్కడానికి చాలా కష్టపడింది. అది సీసం వల్లనేనా అంటే చెప్పలేం. కాదని కూడా చెప్పలేం.

ముందుగా: దానికి ఇంకా ఆయుష్షు ఉందేమో చూడండి

పాత కంప్యూటరును ఎవరికివ్వాలి అని అడిగే ముందు, అది నిజంగా చచ్చిందా అని అడగండి. పదిహేడు అంగుళాల మానిటరుతో ఒక కంప్యూటరు తయారు కావడానికి సుమారు 240 కిలోల బొగ్గు, చమురు వంటి ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1500 కిలోల నీరు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం వారు 2004లో లెక్కగట్టారు. ఇప్పటి యంత్రాల లెక్క వేరుగా ఉంటుంది. అయినా ఒక సంగతి మారలేదు. ల్యాప్‌టాప్ వంటివాటివల్ల భూమికి జరిగే చెరుపులో ఎక్కువ భాగం అది మన ఇంటికి రాకముందే, తయారీలోనే జరిగిపోతుంది. కనుక ఉన్నదాన్ని ఇంకో మూడేళ్ళు వాడుకోవడమే అన్నిటికంటె మంచి రీసైక్లింగు.

నెమ్మదిగా నడుస్తున్నదని పారేయవద్దు. లోపల దుమ్ము తీయించండి. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, కొంచెం మెమరీ పెంచితే చాలా కంప్యూటర్లు మళ్ళీ చురుకుగా పనిచేస్తాయి. విండోస్ 10కు ఉచిత భద్రతా సహాయం 2025 అక్టోబరు 14న ముగిసింది. కొత్త విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటిలో ఎక్కదు. అందుకని యంత్రం పాడైపోయినట్లు కాదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు ఉన్నాయి. వాటిలో తెలుగులో రాసుకోవచ్చు, ఇంటర్నెట్ చూడవచ్చు, పిల్లలు టైపింగు నేర్చుకోవచ్చు. మా నర్సింగ్ స్కూలు లైబ్రరీలో విద్యార్థినులు వాడుతున్న కంప్యూటర్లలో నాలుగు అలా మరమ్మతు చేయించినవే.

ఇతరులకు ఇవ్వాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు పాటించండి.

1. పనిచేసేదే ఇవ్వండి. పనిచేయనిది బడికి ఇస్తే అది దానం కాదు, మన చెత్త వారి గదిలో పెట్టడమే.

2. కీబోర్డు, మౌసు, కరెంటు వైరు, పాస్‌వర్డుతో సహా ఇవ్వండి. బాగు చేసేవారి ఫోను నంబరు కూడా ఇవ్వండి.

3. వెనక మూపురం ఉన్న పాత మానిటరును ఎవరికీ దానం చేయవద్దు. కరెంటు ఎక్కువ తింటుంది, త్వరలోనే వారికి మీకున్న ఇబ్బందే వస్తుంది.

4. రోగి ఉన్న గదిలో వాడిన కీబోర్డును, మౌసును, ఫోనును శుభ్రం చేసి ఇవ్వండి. కరెంటు తీసేసి, సర్జికల్ స్పిరిట్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. కారేటట్లు పోయకూడదు. మేము వార్డులలో అలాగే చేస్తాం.

ఇచ్చే ముందు మీ వివరాలు తీసివేయండి

నా రెండవ బాధ ఇది. 2009లో మేమిచ్చిన కంప్యూటర్లలో హార్డ్ డిస్కులు అలాగే ఉన్నాయి. వాటిలో రోగుల పేర్లు, జబ్బులు, బిల్లులు ఉన్నాయి. వాటిని ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను. కాని చూడకుండా మేము ఏ జాగ్రత్తా తీసుకోలేదు. రోగి మనకు చెప్పుకున్న మాట గేటు బయటకు పోకూడదని నర్సులకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు.

డిలీట్ నొక్కితే ఫైలు పోదు. పుస్తకం ముందున్న విషయసూచికలో పేరు కొట్టేసినట్లే, లోపలి పేజీ అలాగే ఉంటుంది. హార్డ్ డిస్కు మీద మొత్తం వేరే సమాచారం ఎక్కించి చెరిపే సాఫ్టువేర్లు ఉన్నాయి. తెలిసిన కుర్రవానితో మీ ముందే చేయించండి. డిస్కు పాడైపోయి చెరపడం వీలుకాకపోతే, దానిని తీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి. ఫోను అయితే మీ ఖాతాలలోనుండి బయటకు వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ము, మెమరీ కార్డు తీసుకోండి. ఆధారు, బ్యాంకు పాసుపుస్తకం, ఇంటి ఆడపిల్లల ఫొటోలు, అన్నీ అందులోనే ఉంటాయని మరువకండి.

చిన్న చిన్న వస్తువులు

ఇంకు కార్ట్రిడ్జి: చాలావాటిని తిరిగి నింపవచ్చు. పారవేసే ముందు దుకాణంలో అడగండి.

టోనరు: లేజరు ప్రింటరులో ఉండే నల్లని మెత్తని పొడి ఇది. ఒలికితే చీపురుతో ఊడ్చవద్దు, నోటితో ఊదవద్దు. ఊపిరితిత్తులలోకి పోతుంది, ఆస్తమా ఉన్నవారికి మరీ ఇబ్బంది. తడిగుడ్డతో నెమ్మదిగా తుడిచి, చేతులను చల్లని నీటితో కడగండి. వేడినీరు వాడితే పొడి మెత్తబడి అంటుకుంటుంది.

ప్రింటరు రిబ్బను: గరగరమని శబ్దం చేసే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు రిబ్బనుకు మళ్ళీ ఇంకు పట్టించవచ్చు. మా బిల్లింగు కౌంటరులో ఎన్నో ఏళ్ళు అలాగే నడిపాం.

కాగితం: ఒకవైపు అచ్చయిన కాగితం రెండోవైపు పిల్లల లెక్కలకు పనికివస్తుంది. అయితే రోగి వివరాలున్న కాగితాన్ని అలా వాడకూడదు, చింపి వేయాలి. ఒకసారి బజారులో కొన్న బజ్జీల పొట్లం విప్పితే అది ఎవరిదో రక్తపరీక్ష రిపోర్టు. తినబుద్ధి కాలేదు. అచ్చు కాగితంలో తినే పదార్థాలు చుట్టడం ఆరోగ్యానికీ మంచిది కాదు. బిల్లులు, ఈసీజీలు వచ్చే నున్నని కాగితంలో రసాయనపు పూత ఉంటుంది. దాన్ని పాత కాగితాల్లో కలపవద్దు.

సీడీలు: మన రైతులు చేలలో దారానికి కట్టి పిట్టలను బెదిరిస్తారు. మంచి ఉపాయమే. పొయ్యిలో మాత్రం వేయకండి.

బ్యాటరీలతో చాలా జాగ్రత్త

యూపీఎస్‌లోను, ఇన్వర్టరులోను ఉండేది సీసం, యాసిడ్ కలిసిన బ్యాటరీ. దాని యాసిడ్‌ను కాలువలో పోయడం, లోపలి సీసం కరిగించడం చాలా ప్రమాదకరం. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలోనే ఇచ్చేయండి. పాత బ్యాటరీకి ధర తగ్గిస్తారు కూడా.

ఫోను, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే వెంటనే వాడకం ఆపండి. నొక్కవద్దు, గుచ్చవద్దు, ఛార్జింగు పెట్టవద్దు. అంటుకుంటే మంట ఆపడం కష్టం. మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, సర్వీసు సెంటరుకు అప్పగించండి.

ఇక గుండ్రని బిళ్ళ బ్యాటరీ. కంప్యూటరు లోపల గడియారం నడవడానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. బరువు చూసే మిషన్లలో, రిమోట్లలో, ఆటబొమ్మలలో కూడా ఉంటుంది. పిల్లలు దీన్ని మింగితే గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుని, రెండు గంటలలోనే లోపల కాలిపోయేటంత గాయం చేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకండి. వాంతి చేయించకండి. అరటిపండో అన్నం ముద్దో పెట్టి లోపలికి నెట్టాలని చూడకండి. ఏ వేళయినా సరే, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

చివరికి ఎవరికి అప్పగించాలి?

2009లో మాకు దారి చూపే చట్టం ప్రత్యేకంగా లేదు. ఈ-వ్యర్థాల నియమాలు 2011లో వచ్చి, 2012 మే 1 నుండి అమలయ్యాయి. 2016లో మార్చారు. 2022లో మళ్ళీ కొత్త నియమాలు చేసి 2023 ఏప్రిల్ 1 నుండి అమలు చేస్తున్నారు. వీటి ముఖ్య ఉద్దేశం ఒక్కటే. వస్తువు తయారుచేసి అమ్మిన కంపెనీయే దాని అంతిమ సంస్కారానికి కూడా బాధ్యత వహించాలి.

కాబట్టి మీ కంప్యూటరు లేదా ఫోను కంపెనీ వెబ్‌సైటు చూడండి, లేదా కస్టమరు కేరుకు ఫోను చేసి, "పాతది వెనక్కి ఎక్కడ తీసుకుంటారు?" అని అడగండి. కొత్తది కొనే దుకాణంలో మార్పిడి ఉందేమో కనుక్కోండి. ఎక్కువ సామాను ఉంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్ల జాబితా చూసి పిలవండి. రసీదు అడిగి తీసుకోండి. మీ ఇంటికి ఒక్కటే ఉంటే పిలిచినా రాకపోవచ్చు. అందుకే నలుగురివి కలిపి ఒకచోట చేర్చడం మంచిది.

సరైన కర్మాగారంలో ముందు చేతులతో, గ్లౌజులు, మాస్కులు వేసుకుని భాగాలు విప్పుతారు. తరువాత యంత్రాలలో ముక్కలు చేసి, ఇనుము, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ విడదీస్తారు. ధూళిని గొట్టాల ద్వారా పీల్చి వడకడతారు. బోర్డుల నుండి బంగారం, వెండి, రాగి తీస్తారు. దీనికి మన దేశపు పద్ధతులను హైదరాబాదులోని సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. అందులో బంగారం నిజంగా ఉంటుందా అంటే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ సంగతి చెబుతాను. జపాను ప్రజలు రెండేళ్ళలో ఇచ్చిన సుమారు 79 వేల టన్నుల పాత ఎలక్ట్రానిక్ సామాను, అందులో 62 లక్షల ఫోన్లు, వీటినుండి 32 కిలోల బంగారం, 3500 కిలోల వెండి తీసి పతకాలు చేశారు. మన నీరజ్ చోప్రా మెడలో పడిన పతకం ఆ పాత సామాను లోహంతో చేసినదే.

అయినా 2022లో ప్రపంచమంతటా వచ్చిన 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థాలలో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. ఎక్కువ వ్యర్థాలు వచ్చే దేశాలలో చైనా, అమెరికాల తరువాత మనమే ఉన్నాం.

పాత సామాన్ల వారిని తప్పుపట్టకండి

ఇదంతా చదివి, వీధిలో వచ్చే అతనిని కసిరి పంపవద్దు. వారు లేకపోతే మన ఊళ్ళలో కాగితం, ఇనుము, సీసాలు ఇంత బాగా తిరిగి వాడకంలోకి వచ్చేవి కావు. అవి వారికే ఇవ్వండి. కంప్యూటరు, టీవీ, బ్యాటరీ మాత్రం ఇవ్వకండి. ఎందుకో మర్యాదగా చెప్పండి.

ఆ పని చేసేవారు మన పాఠకులలో కూడా ఉన్నారు. వారికి నా విన్నపం. పిక్చర్ ట్యూబు పగలగొట్టకండి. బోర్డులు, వైర్లు కాల్చకండి. విప్పకుండా మొత్తంగానే నమోదైన వారికి అమ్మండి. సామాను ఇంట్లో, వంట దగ్గర ఉంచకండి. పని బట్టలతో పిల్లలను ఎత్తుకోకండి. ముందు స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. నేల ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లలకు పాలు, ఆకుకూరలు, గుడ్లు, పప్పు పెట్టండి. కడుపులో ఐరన్, కాల్షియం ఉంటే సీసం తక్కువగా ఇంకుతుంది. పిల్లలు పాలిపోయి, కడుపునొప్పి అంటూ, చురుకు తగ్గితే ఆసుపత్రికి వచ్చి మీరు ఏ పని చేస్తారో చెప్పండి. సిగ్గుపడనవసరం లేదు. ఆ ఒక్క మాట వల్లనే మేము ఆ పాప జబ్బు కనిపెట్టగలిగాం.

ఆ తరువాత మా ఆసుపత్రిలో పాత కంప్యూటరు ఏదీ తూకానికి అమ్మలేదు. స్టోరులో ఒక అలమర కేటాయించాం. బాగయ్యేవి బాగు చేయిస్తాం. కానివాటి హార్డ్ డిస్కు తీసి, మిగతాది నమోదైన రీసైక్లరుకు అప్పగించి రసీదు ఫైలులో పెడతాం. ఆ జాబితా మీద ఇప్పుడు కూడా నేనే సంతకం పెడతాను. సంతకం పెట్టే ముందు, ఎక్కడికి వెళ్తోంది అని ప్రతిసారీ అడుగుతాను.

ఆ పెద్దాయన కంప్యూటరు సంగతి కూడా చెప్పాలి. మా నర్సింగ్ స్కూలు కుర్రవాడు వెళ్ళి చూస్తే సీపీయూ బాగానే ఉంది. కొత్త డిస్కు వేయించి మనవరాలికి ఇచ్చారు. పాత మానిటరును పగలకుండా దుప్పటిలో చుట్టి, ఆయనే స్వయంగా ఆటోలో మా అలమరకు తెచ్చి ఇచ్చారు. మూడొందలు పోయాయి కదండీ అంటే, "పోనీలెండి సిస్టరు గారూ, ఎవరి పిల్లా దాన్ని తినదు" అన్నారు.

మీ అటక మీద కూడా ఒకసారి చూడండి.

ఇట్లు,
నర్సింగ్ సూపరింటెండెంట్